యుద్ధభూమిలో పుట్టిల్లు: ప్లానెట్‌సైడ్ 2లో నా బస్సు

ఆన్‌లైన్‌లో వందలమంది కలిసి ఆడే యుద్ధపు ఆట ప్లానెట్‌సైడ్ 2 గురించి రాసేవాళ్లు తుపాకుల గురించో, విమానాల గురించో, మూడు వర్గాలలో ఏది మేలనో రాస్తారు. నేను బస్సు గురించి రాస్తున్నాను. ఆటలో దాని అసలు పేరు సండరర్. పన్నెండు మంది పట్టే సాయుధ వాహనం అది, కానీ ఆడేవాళ్ల నోట ఎప్పుడూ బస్సే. 2012 నవంబరులో ఆట విడుదలైన కొత్తల్లో మొదలుపెట్టాను, మధ్యలో రెండుసార్లు మానేశాను, రెండుసార్లూ తిరిగి వచ్చాను. నన్ను వెనక్కి లాక్కొచ్చింది ఈ బస్సే.

భూమికి దారితీసే అంతరిక్ష ద్వారం మూసుకుపోయి, ఆరాక్సిస్ గ్రహం మీద చిక్కుకున్న మనుషులు మూడు వర్గాలుగా చీలి కొట్టుకుంటున్నారన్నది కథ. చనిపోయినవాళ్లను నానైట్లు అనే అతిసూక్ష్మ యంత్రాలు మళ్లీ తయారు చేస్తాయి కాబట్టి ఆ యుద్ధానికి అంతం లేదు. అయితే మళ్లీ పుట్టడానికి ఒక చోటు కావాలి. స్థావరాన్ని కాపాడుకునేవారికి లోపలే దానికోసం గది ఉంటుంది. దాడికి వెళ్లినవారికి అలాంటిదేమీ ఉండదు, వెనకటి స్థావరంలో లేచి అంత దూరమూ మళ్లీ రావాలి. నిలిపి ఉంచిన బస్సు దగ్గర కూడా మళ్లీ పుట్టవచ్చు కాబట్టి, ఎవరో ఒకరు దాన్ని నడుపుకొచ్చి, గోడల దగ్గర్లో నిలిపి, కాపలా కాస్తేనే దాడి సాగుతుంది. మనసులో నేను దాన్ని పుట్టిల్లు అనుకుంటాను. అంతకంటే సరైన మాట నాకు దొరకలేదు.

ఒక రాత్రి సంగతి చెప్పాలి. అమెరిష్ ఖండంలో కొండ మీది స్థావరం. మా వర్గం న్యూ కాంగ్లొమరేట్ దాడి చేస్తోంది, శత్రువర్గమైన ఊదా రంగు వాను సైనికులు కాపాడుకుంటున్నారు. ముందు రోడ్డు మీద మావాళ్లు నిలిపిన రెండు బస్సులూ నిమిషం తేడాలో పేలిపోయాయి. స్థావరం మాదవ్వాలంటే గడువు పూర్తయ్యేదాకా నిలుపుకోవాల్సిన లోపలి కీలకస్థానాన్ని పట్టుకుని ఉన్నవాళ్లు ఒక్కొక్కరే పడిపోతున్నారు, పడినవాళ్లు లేచే చోటు లేదు. నేను అప్పుడు కొండకు అవతలి వైపు ఉన్నాను. రోడ్డు వదిలేసి బండల మధ్య నుంచి పైకి పట్టించాను. రెండుసార్లు జారిపోయి, మూడోసారి ఎక్కాను. పెద్ద బండ చాటున నిలిపి మీట నొక్కాను.

కొన్ని సెకన్లు ఏమీ లేదు. తర్వాత ఒకరు వచ్చారు. వెంటనే ముగ్గురు. మన బస్సు దగ్గర ఎవరైనా పుడితే తెర మీద కొద్దిపాటి పాయింట్లు వెలుగుతాయి. ఆ అంకెలు ఇక ఆగలేదు, నాడి కొట్టుకుంటున్నట్టు వెలుగుతూనే ఉన్నాయి. పదిహేను మంది, ఇరవై మంది, అందరూ ఆ బండ పక్కనుంచి పైకి పరుగెత్తుతున్నారు. నేను మాత్రం మరమ్మతు పరికరం చేతబట్టుకుని అక్కడే ఉన్నాను.

జెట్‌ప్యాక్ వేసుకున్న ఒక శత్రువు మమ్మల్ని కనిపెట్టాడు. పైనుంచి పేలుడు పదార్థాలు అంటించి వెళ్లాడు. బస్సు అంటుకుంది, నేను చచ్చిపోయాను. బాగా దెబ్బతిన్న వాహనాన్ని వెంటనే బాగుచేయకపోతే అది కాలి కాలి పేలిపోతుంది. అయిపోయిందనుకుని మ్యాపు వైపు చూస్తే బస్సు గుర్తు ఇంకా ఉంది. నా బస్సు దగ్గరే నేను మళ్లీ పుట్టాను. నాకు ముందూ వెనకా తెలియని ఇద్దరు ఇంజనీర్లు యుద్ధం వదిలేసి వచ్చి మంటలార్పుతున్నారు. మూడో మనిషి వాళ్లకు వీపు పెట్టి, తుపాకీ ఆకాశం వైపు ఎత్తి నిలబడ్డాడు. ఎవరూ ఎవరినీ అడగలేదు. చాట్‌లో కనిపించే భాషలు చూస్తే మాలో ఏ ఇద్దరికీ ఒకరి మాట ఒకరికి అర్థమయ్యేది కాదేమో. గడువు పూర్తై స్థావరం మా రంగులోకి మారేదాకా ఆ ముగ్గురూ అక్కడినుంచి కదలలేదు. ఆ రాత్రి నేను ఒక్క శత్రువునూ చంపలేదు. ఇన్నేళ్లలో అంతగా గెలిచినట్టు నాకు మరెప్పుడూ అనిపించలేదు.

మొదటి ఏళ్లలో స్నేహితులకు ఈ ఆట గురించి చెప్పేటప్పుడు అంకెలతో మొదలుపెట్టేవాణ్ణి. 2015 జనవరిలో ఒకే యుద్ధంలో 1,158 మంది పాల్గొని ఇలాంటి తుపాకీ ఆటల్లో గిన్నిస్ రికార్డు నెలకొల్పారు, అంతమంది మరెక్కడా దొరకరు అనేవాణ్ణి. రికార్డు మాట నిజమే. కానీ వెయ్యి మంది ఉన్నా మెట్ల మీద మనకు కనిపించేది ఇరవై మందే. పైగా నేను ఆడే వేళల్లో ఇప్పుడు ఖండానికి ఖండమే పలచగా ఉంటుంది. బస్సును మరుగుపరిచే ముసుగును కూడా అప్పట్లో ఆకాశానికెత్తాను. దూరం నుంచి చూసేవాళ్లకు బస్సు కనపడదు, అంతవరకు బాగానే ఉంది. కానీ దాన్ని పెట్టుకుంటే రక్షణ కవచం వదులుకోవాలి, ఎవరైనా దగ్గరికొచ్చారంటే ఇక దిక్కు లేదు. నేను మళ్లీ కవచానికే మారిపోయాను.

బస్సుతోనూ చిక్కులున్నాయి. స్థావరాల చుట్టూ బస్సు నిలపకూడని పరిధి ఉంటుంది. బ్రహ్మాండమైన చోటు కనిపించి, అక్కడిదాకా వెళ్లాక కుదరదని తెలిస్తే ప్రాణం ఉసూరుమంటుంది. మనవాళ్లది మరో బస్సు దగ్గర్లో ఉన్నా అంతే. ఒక్కోసారి ఇరవై నిమిషాలు కాపలా కాసినా ఒక్కరూ రారు. అయినా సహించాను, ఎందుకంటే నాకు వేరే దారి లేదు. మణికట్టు నొప్పి వల్ల వేగంగా గురిపెట్టలేను. సర్వర్ దూరం కాబట్టి ఎదురుబొదురు కాల్పుల్లో నాకంటే ముందే అవతలివాడి తూటా తగులుతుంది. నడిపేవాడికి ఈ రెండూ పెద్ద అడ్డు కావు.

అందుకే ఆడమని గానీ వద్దని గానీ గట్టిగా చెప్పలేను. చేతి వేగం ఉండి, అరగంట మాత్రమే తీరికుండి, ఆ అరగంటలో కాల్పులు కావాలనుకునేవాళ్లకు నా అనుభవం దొరక్కపోవచ్చు. ప్రవేశం ఉచితమే కాబట్టి, జనం ఎక్కువగా ఉండే సాయంత్రం చూసుకుని ఒకసారి వెళ్లి చూడండి. తుపాకీతో విసుగొస్తే మానేసే ముందు ఒక్కసారి బస్సు తీసుకుని కొండ వెనక నుంచి ఎక్కించండి. నేను ఈ వారాంతం కూడా అదే చేయబోతున్నాను, మణికట్టు సహకరిస్తే.