అమెరికా ర్యాక్ అని మురిసిపోకండి, ముందు వెనక్కి తిప్పి చూడండి

బేస్ గిటార్ వాయించేవాళ్లలో ఎవరైనా సెకండ్ హ్యాండ్‌లో ర్యాక్ సెటప్ (సౌండ్ యూనిట్లన్నీ ఒకే పెట్టెలో బిగించింది) కొనే ఆలోచనలో ఉంటే ఇది చదివాకే డబ్బులు కట్టండి. నాకు 85 వేలు వదిలాక తెలిసిన సంగతులివి.

నేను విజయవాడలో ఒక చర్చిలో బేస్ వాయిస్తాను. క్రిస్మస్ ప్రోగ్రాములు మొదలయ్యేలోపు కాళ్ల దగ్గర పెడల్స్, వైర్ల గోల వదిలించుకుందామని నవంబరులో హైదరాబాద్ వెళ్లి, ఒకాయన దగ్గర అన్నీ బిగించి ఉన్న ర్యాక్ కొన్నాను. గిటార్ సిగ్నల్‌ను ముందుగా పెంచే ప్రీయాంప్, సౌండ్ హెచ్చుతగ్గులు సమం చేసే కంప్రెసర్, కోరస్ లాంటివిచ్చే మల్టీ ఎఫెక్ట్స్, వాటికి కరెంటు ఇచ్చే పవర్ కండిషనర్, అడుగున స్పీకర్‌ను నడిపే పవర్ యాంప్. "మా బావ డల్లాస్ నుంచి తెచ్చాడు బ్రదర్, ఒరిజినల్ అమెరికా పీసులు" అన్నాడు. ఆ మాటకే సగం పడిపోయాను. అరగంట వాయించి చూస్తే బ్రహ్మాండంగా పలికింది. ముందు నీలం లైట్లు మెరుస్తుంటే వెనక్కి వెళ్లి చూడాలన్న బుద్ధి పుట్టలేదు.

ఇంటికి తెచ్చి గోడ ప్లగ్గులో పెట్టి స్విచ్ వేశానో లేదో, కండిషనర్ లోపల టప్పుమంది. కాలిన వాసన, సన్నగా పొగ. నేను స్విచ్ కట్టేసేలోపే కంప్రెసర్ కూడా పోయింది.

అమెరికాలో కరెంటు 120 వోల్టులు, మనది 230. డెమో రోజు టేబుల్ కింద ఏదో పెట్టె గుయ్యిమంటుంటే యూపీఎస్ అనుకున్నాను. అది 230ని 120కి తగ్గించే స్టెప్ డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ అట. ఫోన్ చేసి అడిగితే "అది రేటులో లేదు కదా బ్రదర్" అన్నాడు! నాకు ఇచ్చింది కన్వర్టర్ పిన్ను. అది ప్లగ్గు ఆకారం మారుస్తుంది తప్ప వోల్టేజీ మార్చదు.

కండిషనర్ అంటే ఒట్టి ఎక్స్‌టెన్షన్ బాక్స్ కదా, దానికి 120 అయితే ఏం, 230 అయితే ఏం అని నేనూ అనుకునేవాణ్ని. దాని లోపల సర్జ్ (ఒక్కసారిగా పెరిగే వోల్టేజీ) వస్తే అడ్డుకునే చిన్న బిళ్లలుంటాయి. వోల్టేజీ హద్దు దాటితే ఆ కరెంటును అవే మింగుతాయి. 120 లైనుకు పెట్టిన బిళ్లలకు మన మామూలు కరెంటే ఆగని సర్జ్. అందుకే కాలిపోయాయి. ఇంకోటి, అది కొత్తదైనా మన ఊళ్లో లో వోల్టేజీ వస్తే సరిచేయదు. ఆ పని స్టెబిలైజర్‌ది.

కంప్రెసర్ విప్పిన మెకానిక్ నన్ను పిలిచి చూపించాడు. ఫ్యూజు ఉండాల్సిన చోట రాగి తీగ చుట్టి ఉంది. సరైన ఫ్యూజు ఉంటే అదొక్కటి పోయి మిగతాది బతికేదేమో. వైండింగ్ షాపులో 230కి కొత్త ట్రాన్స్‌ఫార్మర్ చుట్టించడానికి 3,500 అయింది. పవర్ యాంప్ కరెంటు వైరుకు ఎర్త్ పిన్ను కూడా కోసేసి ఉంది. హమ్మింగ్ రాకుండా చాలామంది చేసే పనే ఇది. లోపల లీకేజీ ఉంటే మనం ముట్టుకునే స్ట్రింగ్స్ దాకా షాక్ వస్తుంది. అలాంటిది కనిపిస్తే బేరం ఆడకండి, లేచి వచ్చేయండి.

మల్టీ ఎఫెక్ట్స్‌ది వేరే కథ. దాని అడాప్టరూ 120దే, అదీ పోయింది. షాపులో 9 వోల్టుల అడాప్టర్ కొని పెడితే స్క్రీన్ వెలగలేదు. తీరా చూస్తే దానికి కావాల్సింది 9 వోల్టుల ఏసీ, షాపువాడు ఇచ్చింది డీసీ. అలెసిస్ క్వాడ్రావెర్బ్ లాంటి పాత యూనిట్లూ ఇలా ఏసీ మీదే నడుస్తాయి. అడాప్టర్ గుచ్చే రంధ్రం పక్కనే రాసి ఉంటుంది, మనమే చదవం.

ఎలాగో వెలిగింది. గిటార్ నేరుగా దాంట్లో గుచ్చితే సౌండ్ దుప్పటి కప్పినట్టు వచ్చింది. అది స్టూడియో కోసం చేసిన యూనిట్, లైన్ ఇన్‌పుట్ మాత్రమే ఉంది. పాసివ్ పికప్‌కు (బ్యాటరీ లేని గిటార్ పికప్) దాదాపు 1 మెగా ఓమ్ ఇన్‌పుట్ కావాలి, లైన్ ఇన్‌పుట్లు మామూలుగా 10, 20 కిలో ఓమ్‌ల దగ్గరుంటాయి. ప్రీయాంప్ తర్వాత పెడితేనే కుదురుతుంది. అప్పుడు కూడా వెనక సిగ్నల్ లెవెల్ మార్చే ప్లస్ 4, మైనస్ 10 స్విచ్ ఉంటే రెండు యూనిట్లకూ ఒకేలా పెట్టాలి. తేడా పెడితే దాదాపు 12 డెసిబెల్స్ అటో ఇటో అవుతుంది, గరగర అయినా వస్తుంది, పీలగా అయినా వినిపిస్తుంది. కోరస్ ఎఫెక్ట్ పూర్తిగా వెట్‌లో (అసలు సౌండ్ కలపకుండా ఎఫెక్ట్ ఒక్కటే) పెట్టకండి. లో ఈ స్ట్రింగ్ 41 హెర్ట్జ్, ఆ అడుగు బరువే మొదట పోతుంది.

పవర్ యాంప్ 1,100 వాట్స్ అని అమ్మినాయన అన్నాడు. అబద్ధం కాదు. కానీ వెనక చిన్న అక్షరాల్లో ఉంది: బ్రిడ్జ్‌లో (రెండు చానెళ్లూ కలిపి ఒకటిగా వాడితే), 8 ఓమ్స్‌కు. నా స్పీకర్ క్యాబినెట్ 4 ఓమ్స్. దాన్ని బ్రిడ్జ్‌లో పెడితే ఒక్కో చానెల్‌కు 2 ఓమ్స్ లోడ్ పడుతుంది, ఈ యాంప్ తట్టుకోదు. ఒక చానెల్ మీదే వాడుతున్నా, 550 వస్తోంది. చర్చికి అది చాలా ఎక్కువే అనుకోండి.

ఏ ఇబ్బందీ పెట్టనిది ప్రీయాంప్ ఒక్కటే. దాని వెనక 100-240 అని ఉంది. మీరు వెతకాల్సింది ఆ అంకెలే, లేదా 115/230 మార్చే స్విచ్. డబ్బులిచ్చే ముందు ప్రతి యూనిట్ వెనక ఫొటో అడగండి. డెమోకి వెళ్తే కరెంటు వైరు చేత్తో పట్టుకుని గోడ దాకా వెళ్లి చూడండి, మధ్యలో ఏ పెట్టె తగులుతుందో. ఫ్యూజు బయటికి తీసి చూపించమనండి. మొహమాటపడితే నాలాగే అవుతుంది.

అమ్మినాయన మొదట "మీ ఇంట్లో కరెంటు ప్రాబ్లం బ్రదర్" అన్నాడు, తర్వాత నంబర్ బ్లాక్ చేశాడు. నిన్న ఇంకో ర్యాక్ అమ్మకానికి పెట్టాడు, లక్షా పదివేలట. ఆరు ఫొటోలున్నాయి. ఆరూ ముందువైపువే.