టర్బో కారులో ఈ20: మైలేజ్ పోయింది, ఘాట్‌లో మోత కూడా పోయింది

ఈ20 పెట్రోల్‌ని, అంటే ఇరవై శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్‌ని, తిట్టనివాళ్లు మా నల్గొండలో నాకింకా తగల్లేదు. నేను మాత్రం మెచ్చుకుంటాను, ఒక్క విషయంలోనే అనుకోండి. నాది మూడు సిలిండర్ల లీటరు టర్బో. 2023 ఏప్రిల్ తర్వాత తయారైన బండి కాబట్టి పెట్రోల్ మూత లోపల ఈ20 స్టిక్కర్ ఉంది. కొన్న కొత్తలో మామూలు పెట్రోల్ అంటే 91 ఆక్టేన్ (ఆక్టేన్ అంటే ఏంటో కింద చెప్తాను). ఇప్పుడు ఇరవై శాతం ఇథనాల్ కలిశాక అదే మామూలు పెట్రోల్ 95 అయింది. సీట్లు, డిక్కీ, స్క్రీన్ గురించి రాసేవాళ్లు చాలామంది ఉన్నారు, వాటి జోలికి పోను.

నార్కట్‌పల్లి దగ్గర హైవే ఎక్కి హైదరాబాద్ దాకా పోతే ఏ పెట్రోల్ పోసినా తేడా తెలియదు. తేడా తెలియాలంటే శ్రీశైలం పోవాలి. కారు కొన్నాక మొదటి ఎండాకాలం ఇంటిల్లిపాదీ బయల్దేరాం. దేవరకొండ, డిండి మీదుగా మన్ననూరు దాకా బాగానే ఉంది. ఈగలపెంట దాటి కృష్ణ దగ్గరికి దిగి, వంతెన దాటి సున్నిపెంట వైపు ఎక్కుతుంటే మొదలైంది. మే నెల మధ్యాహ్నం, ఏసీ ఫుల్, డిక్కీ నిండా సామాను, వంపు తిరిగిన ప్రతిసారీ ఇంజన్ లోంచి రేకు డబ్బాలో మేకులు వేసి ఊపినట్టు చప్పుడు. దాంతోపాటే లాగుడు తగ్గేది. వెనక సీట్లో నాన్న "బండి కొత్తదేనా?" అని అడిగారు. అది నాకు బాగా గుచ్చుకుంది.

ఆ చప్పుడే నాకింగ్. టర్బో గాలిని నొక్కి లోపలికి పంపుతుంది, నొక్కిన గాలి వేడెక్కుతుంది. ఆర్‌పీఎం తక్కువగా ఉన్నప్పుడు పెద్ద గేరులో గట్టిగా తొక్కితే, ప్లగ్ దగ్గర మొదలైన మంట చేరేలోపే అవతలి మూల పెట్రోల్ తనంతట తానే అంటుకుంటుంది. సెన్సర్ అది పట్టుకుని ప్లగ్ స్పార్క్‌ని కాస్త ఆలస్యంగా పడేలా చేస్తుంది. ఇంజన్‌కి దెబ్బ తగలదు గానీ లాగుడు పోతుంది. ఆక్టేన్ అంటే ఇలా ముందే అంటుకోకుండా తట్టుకునే శక్తే, పవర్ కాదు. బంకులో ప్రీమియం పెట్రోల్ చూపించి "సార్, పవర్ కొట్టమంటారా?" అంటే ఎక్కువ బలం అనుకుంటాం, అంతే.

ఆ తర్వాత ఘాట్ ఉందంటే హైదరాబాద్‌లోనే 100 ఆక్టేన్ నింపుకునేవాణ్ణి. లీటరుకు యాభై రూపాయల పైనే ఎక్కువ. చప్పుడు పోయింది, కాదనను. కానీ ట్యాంకు నింపినప్పుడల్లా గుండె కలుక్కుమనేది.

మళ్లీ మే నెలలో, ఈసారి దేవరకొండ బంకులో మామూలు ఈ20 పోయించుకుని అదే దారి పట్టాను. సున్నిపెంట ఎక్కుడు మొదలవగానే కిటికీ అద్దం దించి, పాట ఆపి చెవులు రిక్కించాను. మేకుల చప్పుడు లేదు. కావాలనే మూడో గేరులో వదిలి తొక్కి చూశాను, బండి గొణిగింది గానీ మోగలేదు. ఇందులో మాయేమీ లేదు. ఇథనాల్ సొంత ఆక్టేన్ 108 దాకా ఉంటుంది. పైగా ఆవిరయ్యేటప్పుడు వేడిని బాగా లాక్కుని లోపలి గాలిని చల్లబరుస్తుంది. నూకల నుంచి కూడా ఇథనాల్ తీస్తున్నారు కాబట్టి, ఏమో, మిర్యాలగూడ మిల్లులో మిగిలిన నూకలే నన్ను ఘాట్ ఎక్కించాయేమో! చిత్తనూరు వైపు ఇథనాల్ ఫ్యాక్టరీ వద్దని కొట్లాడిన రైతుల ముందు ఈ మాట అనే ధైర్యం మాత్రం నాకు లేదు.

అయితే ఒక మాట. ఆ రెండోసారి నాన్న, అమ్మ రాలేదు, బండిలో ముగ్గురమే. బరువు తగ్గడం వల్ల కూడా కొంత కలిసొచ్చి ఉంటుంది.

మైలేజ్ సంగతి దాచను. హైవే మీద పదిహేడు చూపించిన మీటరు ఇప్పుడు పదహారు దాటడానికి ఆపసోపాలు పడుతోంది. లీటరు పెట్రోల్‌లో ఉన్న శక్తిలో ఇథనాల్‌లో ఉండేది మూడింట రెండు వంతులే, లెక్క ప్రకారమే ఇరవై శాతం కలిపితే ఆరేడు శాతం పోతుంది. శక్తి తగ్గిన సరుక్కి ధర తగ్గించకపోవడం మీద మాత్రం నాకూ కోపమే.

మా బావ టర్బో పాతది, మూత మీద ఈ10 అనే ఉంటుంది. "నువ్వు పొగుడుతున్నావని నేనూ పోయించుకుంటే, రబ్బరు పైపులు పోతే నువ్వు కట్టిస్తావా బామ్మర్దీ?" అంటాడు. ఆయన మాటలో న్యాయం ఉంది. పైగా ఆ కారు నెలలో చాలా రోజులు షెడ్డులోనే ఉంటుంది, ఇథనాల్ గాలిలోని తేమను లాగే రకం. ప్రీమియం కొట్టిస్తే తప్పించుకోవచ్చనుకున్నాడు గానీ, 95 ఆక్టేన్ ప్రీమియంలో కూడా ఇథనాల్ ఉండొచ్చు. ఆయన కారు గురించి నేను చెప్పగలిగింది ఏమీ లేదు.

నా బండికైతే, వారానికి నాలుగైదు రోజులు తిరుగుతుంది కాబట్టి, స్టిక్కర్ ఉంది కాబట్టి, మామూలు ఈ20 చాలు. మే నెలలో ఐదుగురితో సున్నిపెంట ఎక్కాల్సి వస్తే మాత్రం ఇంకోసారి 100 ఆక్టేన్ నింపుతానేమో, అది కూడా నాన్న వెనక సీట్లో ఉంటేనే.