నాలుగేళ్ల సోలార్ తర్వాత: ప్యానెల్ కంటే దాని కింద వైరు చూడండి

కర్నూలులో మా మేడ మీద 3 కిలోవాట్ల సోలార్ 2021లో పెట్టించాం. ప్యానెల్ ఎన్ని వాట్లు, ఇన్వర్టర్ (ప్యానెల్ ఇచ్చే డీసీ కరెంటును ఇంట్లో వాడే ఏసీగా మార్చే డబ్బా) ఏ రకం లాంటివి ఇక్కడ రాయను, అవి ఏ కరపత్రంలోనైనా దొరుకుతాయి. ఇన్నాళ్లు వాడాక నాకు కోపం మిగిలింది ఒక్క దాని మీదే. ప్యానెళ్ల అడుగున ఎవరికీ కనపడకుండా వేసిన డీసీ వైరింగ్ మీద, అంటే ప్యానెళ్ల కరెంటును ఇన్వర్టర్‌కు తెచ్చే వైర్ల మీద.

ముందు మంచి మాట చెప్పాలి. బిల్లు నిజంగానే తగ్గింది. మన ఆంధ్ర స్లాబుల్లో 225 యూనిట్లు దాటితే యూనిట్ 8.75 రూపాయలు, 400 దాటితే 9.75. ఎండాకాలం రెండు ఏసీలు నడిచే మా ఇల్లు ఎప్పుడూ ఆ పై స్లాబుల్లోనే ఉండేది. సోలార్ యూనిట్లు ముందుగా కోసేది ఆ ఖరీదైన యూనిట్లనే. మొదటి ఏడాది బిల్లు చూసి వీధిలో అందరికీ పెట్టించుకోమని చెప్పాను. ఇప్పుడూ చెబుతాను కానీ, ముందు ఇంకో మాట చెప్పి చెబుతాను.

మూడో వానాకాలంలో మొదలైంది అసలు కథ. రాత్రి వాన పడితే చాలు, పొద్దున ఇన్వర్టర్ లేచేది కాదు. పచ్చ లైటు ఉండాల్సిన చోట ఎర్ర లైటు. "మెట్ల దగ్గర ఆ డబ్బా మళ్లీ ఎర్రగా వెలుగుతోంది రా" అని మా అమ్మ కింది నుంచి పిలిచేది. తెర మీద ఐసో ఫాల్ట్ అని ఒక కోడ్. ఎండ ఎక్కి పదిన్నర అయ్యేసరికి దానంతట అదే సరిపోయేది. రోజంతా ముసురు పట్టిందంటే ఆ రోజు ఉత్పత్తి సున్నా.

పెట్టిన కంపెనీకి ఫోన్ చేస్తే "ఆఫ్ చేసి ఆన్ చేయండి సార్" అన్నారు. చేశాను, ఏమీ కాలేదు. పట్టు పడితే టెక్నీషియన్‌ను పంపారు. వచ్చింది మధ్యాహ్నం, అదీ మంచి ఎండలో. అంతా పచ్చగా ఉంది. మీటరు పెట్టి చూశాడు, బాగానే ఉందన్నాడు, సంతకం తీసుకుని వెళ్లిపోయాడు. ఆ వారంలోనే మళ్లీ వాన, మళ్లీ ఎర్ర లైటు. రెండోసారి వచ్చినతను ఎర్తింగ్ గుంటలో ఉప్పు వేసి, నీళ్లు పోసి వెళ్లాడు. ఆ తర్వాత ఇన్వర్టరే మార్చాలన్నారు, వారంటీలో వస్తుందో రాదో చూసి చెబుతామన్నారు. తర్వాత ఫోన్ ఎత్తడం మానేశారు. కోపం కంటే టెన్షన్ ఎక్కువైంది. మేడ మీద ఏదో తప్పు జరుగుతోంది, ఏమిటో చెప్పేవాళ్లు లేరు.

చివరికి తెలిసినవాళ్ల ద్వారా ఓర్వకల్లు వైపు కుర్రాడొకడు దొరికాడు. గని, శకునాల అనే ఊళ్ల దగ్గరున్న వెయ్యి మెగావాట్ల సోలార్ పార్కులో మెయింటెనెన్స్ పని చేసినవాడు. అతను అడిగిన మొదటి మాటకే సగం నమ్మకం కలిగింది. "సార్, ఎండలో వస్తే నాకేం దొరకదు. రాత్రి వాన పడితే ఫోన్ చేయండి, పొద్దున్నే వస్తా" అన్నాడు.

అలాగే వచ్చాడు. విషయం ఇలా వివరించాడు: ఇన్వర్టర్ రోజూ పొద్దున పని మొదలుపెట్టే ముందు, ప్యానెళ్ల నుంచి కరెంటు భూమిలోకి ఎక్కడైనా కారుతోందా అని పరీక్షించుకుంటుంది. కారుతుంటే లేవదు, ఐసో ఫాల్ట్ అని చూపిస్తుంది. అంటే మా ఇన్వర్టర్ చెడిపోలేదు, తన పని తాను సరిగ్గా చేస్తోంది. తడి ఉన్నప్పుడే కారుతోంది కాబట్టి ఎక్కడో తొడుగు చిరిగిన వైరు నీళ్లలో తగులుతోంది. పొడిగా ఉన్నప్పుడు ఎన్ని మీటర్లు పెట్టినా దొరకదు.

ఐసొలేటర్ (ప్యానెళ్లను ఇన్వర్టర్ నుంచి విడదీసే స్విచ్) ఆపి, చేతికి రబ్బరు తొడుగులు వేసుకుని, చివరి ప్యానెల్ అడుగుకి టార్చి పట్టుకుని దూరాడు. నన్నూ వంగి చూడమన్నాడు. వైర్లను ఫ్రేముకు కట్టిన తెల్ల నైలాన్ టైలు ఉన్నాయి. ఒకటి ముట్టుకుంటే వేళ్ల మధ్య అప్పడంలా పొడిపొడిగా రాలింది. మూడు ఎండాకాలాలకే ఆ ప్లాస్టిక్ మాడిపోయింది. టై తెగాక వైరు వేలాడి, గాలికి ఊగుతూ, కోసి వదిలేసిన ఇనుప ఛానెల్ అంచుకు రాసుకుంటూ ఉంది. నల్ల తొడుగు ఒరిసిపోయి లోపల రాగి మెరుస్తోంది. దాని పక్కన కనెక్టర్ జత ఒకటి స్లాబు మీద నిలిచిన నీళ్లలో పడి ఉంది. దాన్ని విప్పి చూపించాడు: మగ భాగం ఒక కంపెనీది, ఆడ భాగం ఇంకో కంపెనీది. పైకి అతికినట్టే ఉన్నాయి. లోపల లోహం సరిగ్గా పట్టక వేడెక్కి, ప్లాస్టిక్ ఒక పక్క గోధుమ రంగుకు తిరిగి మెత్తబడింది.

"ఇదింకొన్నాళ్లు ఉంటే అంటుకునేది సార్" అన్నాడు. స్ట్రింగ్‌లో, అంటే ఒకదానికొకటి వరసగా కలిపిన ప్యానెళ్ల గొలుసులో, మూడు వందల వోల్టుల పైనే డీసీ ఉంటుంది. ఇంట్లో ఏసీ కరెంటు సెకనుకు వందసార్లు సున్నాకు వస్తుంది కాబట్టి నిప్పు రవ్వ తెగిపోయే వీలుంది. డీసీ సున్నాకు రాదు, ఒకసారి ఆర్క్ (ఖాళీలోంచి దూకే నిప్పు) మొదలైతే ఎండ ఉన్నంతసేపూ మండుతూనే ఉంటుంది. మా అమ్మ మిరపకాయలు ఆరబోసే మేడ అది. ఆ మాట విన్నాక నాకు చాలాసేపు నోట మాట రాలేదు.

రిపేరుకు రెండు వేల లోపే అయింది. స్టీలు టైలు, ఒకే కంపెనీ కనెక్టర్లు, అంచుల దగ్గర రబ్బరు, వైర్లకు ఎండకు తట్టుకునే పైపు. ఆ తర్వాత ఎంత వాన పడినా పొద్దున పచ్చ లైటే.

దీన్ని ఇంత వివరంగా చెప్పడానికి కారణముంది. సోలార్ ధరలు పడిపోయిన తీరు అద్భుతమే. పెద్ద పార్కుల కరెంటును ఎవరు తక్కువ ధరకు అమ్ముతారో వేలం పెడతారు. 2010లో కేంద్రం పెట్టిన జాతీయ సోలార్ మిషన్ మొదటి వేలంలో యూనిట్ 10 రూపాయల పైన పలికింది. 2015 నవంబరులో మా గని పార్కు వేలంలో 4.63కి దిగితే దేశమంతా ఆశ్చర్యపోయింది. 2017 మేలో రాజస్థాన్‌లోని భడ్లాలో 2.44, 2020 డిసెంబరులో గుజరాత్‌లో 1.99. 2022 ఏప్రిల్ నుంచి దిగుమతి ప్యానెళ్ల మీద 40 శాతం కస్టమ్స్ సుంకం పడ్డాక అంత తక్కువ ధర మళ్లీ రాలేదు, అది వేరే సంగతి. ప్రపంచ మార్కెట్లో 2010 ప్రాంతంలో వాట్‌కు సుమారు రెండు డాలర్లున్న ప్యానెల్, చైనా ఫ్యాక్టరీలు పోటీపడి పెంచిన ఉత్పత్తితో 2024కి పది సెంట్ల దగ్గరకు వచ్చింది.

పడింది ప్యానెల్ ధర. రాగి ధర పడలేదు, ఇనుము ధర పడలేదు, మేడ ఎక్కి పని చేసే మనిషి కూలీ పడలేదు. ఇంటి సోలార్ కొటేషన్ మాత్రం వాట్‌కు ఇంత అనే ఇస్తారు, అందరూ ఆ ఒక్క అంకెనే పోల్చి చూస్తారు. పక్కవాడి కంటే తక్కువ చెప్పాలంటే ప్యానెల్‌లో తగ్గించడానికి కుదరదు, దాని మీద పేరు, వాట్లు రాసి ఉంటాయి. తగ్గేది ఎవరూ వంగి చూడని చోటే: టై, కనెక్టర్, వైరు తొడుగు, ఎర్తింగ్. పార్కులో అయితే ఏ స్ట్రింగ్‌లో ఎంత వస్తోందో చూసేవాళ్లు ఉంటారు, తేడా వస్తే మనిషి పరుగెత్తుతాడు. ఇంటి మీద ఆ కాపలా లేదు. పాతికేళ్ల వారంటీ అని చెప్పేది ప్యానెల్‌కు. దాన్ని కట్టిన టైకి మూడేళ్లు కూడా లేవు.

మిగతావి క్లుప్తంగా. కిలోవాట్‌కు రోజుకు నాలుగు యూనిట్లు అన్న మాట ఫిబ్రవరి, మార్చిలో మాకు నిజమే. మేలో ఎండ ఎక్కువ కాబట్టి ఇంకా ఎక్కువ వస్తుందనుకునేవాళ్లకు చెబుతున్నా, రాదు. ప్యానెల్ వేడెక్కేకొద్దీ ఉత్పత్తి తగ్గుతుంది, మా ఊరి ఎండలో అది బాగా తెలుస్తుంది. బోరు నీళ్లతో కడిగితే తెల్ల మరకలు పడతాయి, కడిగిన వెంటనే గుడ్డతో తుడవాలి. కరెంటు పోతే సోలార్ కూడా ఆగిపోతుంది. ఆపిన లైన్లోకి మన సోలార్ కరెంటు వెళ్లకుండా, లైన్‌మన్ ప్రాణం కోసం పెట్టిన ఏర్పాటు అది, దాని మీద నాకు ఫిర్యాదు లేదు.

ఇప్పుడు ఇంటి సోలార్‌కు కేంద్రం పెట్టిన పీఎం సూర్యఘర్ పథకం కింద 3 కిలోవాట్లకు 78,000 రూపాయల సబ్సిడీ వస్తోంది. మొదటి రెండు కిలోవాట్లకు 30,000 చొప్పున, మూడోదానికి 18,000. మా పక్కింటివాళ్లు పెట్టిస్తున్నారు. వాళ్ల కొటేషన్ నాకు చూపిస్తే కనెక్టర్ కంపెనీ పేరు, డీసీ వైరు రకం, టైలు స్టీలువా కావా అన్నవి కాగితం మీద రాయించమన్నాను. బిగించాక ఒక్కో ప్యానెల్ అడుగున ఫొటో తీసి ఇవ్వమని కూడా అడిగించాను. ఆ సంస్థవాళ్లు కొంచెం నసిగినా ఒప్పుకున్నారు, ధర కొద్దిగా పెంచారు. ఆ పెంపు ఇవ్వండి అనే చెప్పాను.

సొంత ఇల్లు, నీడ పడని మేడ, నెలకు 225 యూనిట్లు దాటే వాడకం ఉన్నవాళ్లకు నా ఓటు సోలార్‌కే. మాకు పెట్టుబడి చాలావరకు తిరిగొచ్చింది, పై స్లాబుల్లో లేకపోయుంటే ఇంత త్వరగా వచ్చేది కాదు. 125 యూనిట్ల లోపే వాడే ఇళ్లలో యూనిట్ 4.50 లేదా అంతకంటే తక్కువే పడుతుంది కాబట్టి లెక్క వేరు, తొందరపడక్కర్లేదు. పై అంతస్తు వేసే ఆలోచన రెండేళ్లలో ఉంటే ఆగడమే మంచిది, విప్పి మళ్లీ బిగించేటప్పుడు చెడేది మళ్లీ ఆ వైర్లూ కనెక్టర్లే.