చూసినందుకు రెండు వేలు: పులికాట్ ఒడ్డున పాత పడవ వేట

పడవను చూసినందుకు డబ్బు అడిగే మనిషిని ఈ యాభై ఏడేళ్లలో మొదటిసారి తడ దగ్గర చూశాను. పడవ నీళ్లలోకి దిగలేదు, ఇంజను మోగలేదు. షెడ్డు తలుపు తీసి దీపం వేసినందుకు రెండు వేలు! ఆ కోపం చల్లారకముందే ఇది రాస్తున్నాను.

పాత పడవ కొనాలన్న అసలు కోరిక మా బావమరిదిది. మస్కట్‌లో పదకొండేళ్లు ఉద్యోగం చేసి తిరుపతికి వచ్చేశాడు. అక్కడ సెలవు రోజుల్లో గాలం వేయడం మరిగాడు. పండుగప్పను ఇంగ్లిషులో సీ బాస్ అంటారు కనుక దాన్ని పట్టడానికి బాస్ బోటే కావాలని అతని వాదన. నిజానికి ఆ పడవ పుట్టింది అమెరికా మంచినీటి జలాశయాల్లో ఉండే వేరే చేప కోసం. నిలబడి గాలం విసరడానికి ముందువైపు చదునైన అరుగు, పట్టిన చేప బతికి ఉండటానికి నీళ్ల తొట్టి, కూర్చుంటే చేతికి నీళ్లందేంత పొట్టి అంచులు. నిలకడ నీళ్లలో హాయిగానే ఉంటుంది. పులికాట్ సరస్సు మీద మధ్యాహ్నం గాలి లేచాక ఆ పొట్టి అంచుల సంగతి ఏమిటన్నది నా అనుమానం. "మీరు మరీ భయపడతారు బావా" అని కొట్టిపారేశాడు.

సంక్రాంతి వెళ్లిన మరుసటి వారం బయలుదేరాం. శ్రీకాళహస్తిలో దర్శనం చేయిస్తేనే వస్తానని మా ఆవిడ షరతు పెట్టింది. దర్శనమైంది, నాయుడుపేట మీదుగా సాయంత్రానికి సూళ్లూరుపేట చేరాం. తిరుపతి నుంచి సుమారు తొంభై కిలోమీటర్లు. రోడ్డు బాగుంది.

బాగుండనిది లాడ్జి. ఫోనులో గదికి 1,100 అన్నారు, తీరా సామాను దించాక 1,800 అన్నారు. ఎందుకయ్యా అంటే మరునాడు శ్రీహరికోటలో రాకెట్ ప్రయోగమట, ఊరంతా గదులు నిండిపోయాయట. రెండు గదులకు 3,600 కట్టాం. ఏసీ రిమోటు ఇవ్వడానికి 200 బయానా, వేడినీళ్లు బకెట్టుకు 30. దిండు మీద ఎవరిదో తలనూనె మరక. మార్చమంటే కుర్రవాడు దిండును తిరగేసి పెట్టి వెళ్లిపోయాడు. మా ఆవిడ మంచం మీద కూర్చోను కూడా లేదు. చెంగాళమ్మ గుడి తలుపులు రాత్రిపూట కూడా మూయరు కదా, అక్కడికి పోదామంటూ పదకొండు గంటలకు నన్ను లేపింది. వెళ్లాం. ఆ అర్ధగంటే ఆ రాత్రి మొత్తానికి ప్రశాంతంగా గడిచింది. పొద్దున టీకొట్టులో ప్రయోగం ఎన్ని గంటలకని అడిగితే, టీ కాచేవాడు నన్ను వింతగా చూసి, "ఈ వారంలో ఏదీ లేదే!" అన్నాడు.

భీమునివారిపాళెం రేవు దగ్గర ఒక పెద్దాయన దొరికాడు. నలభై ఏళ్లుగా ఇంజన్లు విప్పి బిగిస్తున్నాడట. 800 రూపాయలిచ్చి, మధ్యాహ్నం భోజనం మాదేనని చెప్పి వెంట తీసుకెళ్లాం. ఈ ప్రయాణంలో మేము పెట్టిన మంచి ఖర్చు అదొక్కటే. పడవ ముందు కొమ్మును అణియం అంటాడు, వెనుక భాగాన్ని అమరం అంటాడు. దారిలోనే పాఠం మొదలుపెట్టాడు. పులికాట్‌లో చాలాచోట్ల నీళ్లు నడుముకు మించవు. లోతు తక్కువైన చోట గాలికి లేచే అల పొట్టిగా, నిటారుగా, దగ్గరదగ్గరగా వస్తుంది. పొట్టి పడవ ఒక అల దిగేలోపే రెండో అలకు ముక్కు గుచ్చుతుంది. పొడవు, బరువు ఉన్న పడవ రెండు మూడు అలల మీద ఒకేసారి వాలి సాగిపోతుంది.

తడ దాటాక ఒక తోటలో షెడ్డు. పడవ అమ్మిపెట్టే ఏజెంటు దీపం వేయగానే మా బావమరిది నోట మాట లేదు. ఎర్రటి మెరుపు రంగు, పదిహేడున్నర అడుగులు, అరుగు మీద గుండ్రంగా తిరిగే కుర్చీ, 90 హెచ్‌పీ ఇంజను. ధర 6,50,000. అతను ఎక్కి కుర్చీలో కూర్చుని రెండు చుట్లు తిరిగాడు. మా ఆవిడ నా వైపు చూసి నిట్టూర్చింది.

పెద్దాయన కుర్చీ వైపు చూడనే లేదు. జేబులోంచి ఐదు రూపాయల బిళ్ల తీసి, ఇంజను తగిలించే వెనుక పలక మీద అంగుళం అంగుళం తట్టుకుంటూ వెళ్లాడు. పైన టకటకమని గట్టిగా పలికింది. కింద మూలకు వచ్చేసరికి నానిన చెక్కను తట్టినట్టు మొద్దుగా మూగబోయింది. తరువాత ఇంజను కాలు పట్టుకుని పైకీ కిందికీ ఊపితే పలక కూడా కలిసి కదిలింది. లోపలి చెక్క కుళ్లిందని అర్థమట. అలల్లో ఇంజను తోపు అంతా ఆ పలక మీదే పడుతుంది. కింద గేరు నూనె మర కాస్త వదులు చేస్తే, నల్లగానో తేనె రంగులోనో రావాల్సిన నూనె పాలు కలిపిన టీలా వచ్చింది. నీళ్లు చేరాయన్నమాట.

నేను ఫోనులో వాలు కొలిచే యాప్ తెరిచి అడుగున పెట్టాను. అమరం దగ్గర అడుగు వాలు పన్నెండు డిగ్రీలే, దాదాపు చదును. అలల్లో నడవాల్సిన పడవకు పద్దెనిమిది నుంచి ఇరవై ఒకటి దాకా ఉంటే నీటిని కోసుకుంటూ పోతుంది. చదును అడుగైతే ప్రతి అల మీదా చెంపదెబ్బలాగా పడుతుంది, కూర్చున్నవాళ్ల వెన్ను విరుగుతుంది.

నీళ్లలో దించి చూపించమన్నాం. ట్రాక్టరు లేదన్నాడు. ట్రాక్టరు మేము పిలిపిస్తామంటే బ్యాటరీ లేదన్నాడు. బ్యాటరీ తెస్తామంటే, "సార్, కొనేవాళ్లు ఇన్ని అడగరు" అన్నాడు. తిరిగి వస్తుంటే గేటు వేసేసి, చూపించినందుకు రెండు వేలు ఇమ్మన్నాడు. మా బావమరిది సిగ్గుపడి ఇచ్చేశాడు. నేనైతే ఇచ్చేవాడిని కాదు. ఎక్కడైనా సరే, నీళ్లలో దించనివాడి పడవకు బయానా కూడా ఇవ్వకండి.

అందరూ ముఖాలు మాడ్చుకుని రేవుకు వచ్చాం. పెద్దాయన ఒక ఇంటి ముందు పాకలోకి తీసుకెళ్లాడు. బోర్డు మీద పేరు కూడా లేదు. పండుగప్ప పులుసు, అన్నం, చిన్న రొయ్యల వేపుడు, మనిషికి 220. పులుసులో చింతపండు ఎక్కువై నాలుక చురుక్కుమంది, వెనుకనుంచి మెంతుల చేదు. ముక్క అరచేయంత, ముల్లు తక్కువ. మా ఆవిడ రెండోసారి వడ్డించుకుంది. లాడ్జి దిండు తరువాత ఆమె మామూలుగా మాట్లాడటం అప్పుడే. వంట చేసినావిడను వెల్లుల్లి ఎప్పుడు వేశావమ్మా అని అడుగుతూ అర్ధగంట పొయ్యి దగ్గరే ఉండిపోయింది.

రెండో పడవను చూస్తే ఎవరికీ మోజు పుట్టదు. ఇరవై ఒక్క అడుగులు, వెలిసిన తెలుపు, చిరిగిన సీట్లు. ధర 4,20,000. కానీ అడుగు వాలు ఇరవై డిగ్రీలు, అంచులు మోకాలి ఎత్తు, అణియం పైకి లేచి బయటికి విచ్చుకుని ఉంది. బిళ్లతో తడితే పలక అంతటా ఒకేలా మోగింది. 60 హెచ్‌పీ ఫోర్‌స్ట్రోక్ ఇంజను, నాలుగు సిలిండర్లలో ఒత్తిడి 178, 175, 180, 174. పది శాతం తేడా దాకా ఫరవాలేదట, ఇక్కడ అంత కూడా లేదు. యజమాని పెట్రోలుకు 600 మాత్రం అడిగి, మూడు గంటలకు గాలి లేచాకే రమ్మన్నాడు. ఆ మాటకే నాకు నమ్మకం కుదిరింది.

పడవలు తిరిగే కాలువ దారిలోనే నడిపాడు. ఊళ్లవాళ్లు పాడు పద్ధతిలో వంతులవారీగా వేట నీళ్లు పంచుకుంటారు, వాళ్ల వలల మీదికి పోకూడదు. గాలికి ఎదురుగా ఇంజను వంపు తగ్గించి ముక్కు దించితే అలలు చీలిపోయాయి. ముక్కు ఎత్తగానే దబదబా కొట్టింది. అలలను పక్కనుంచి తీసుకున్నాం, వెనుకనుంచి తీసుకున్నాం. తుంపర్లు పడ్డాయి కానీ నీళ్లు లోపలికి రాలేదు. ఇంజను ఆపేసి ముగ్గురం ఒకే పక్కకు చేరితే మాత్రం బాగా ఒరిగింది. వి ఆకారపు అడుగుకు ఆ లోపం తప్పదు. మా ఆవిడ ప్రసాదం సంచి గుండెకు హత్తుకుని ఒడ్డుకు తీసుకెళ్లమంది. ఇసుక తిన్నె దగ్గర ఇంజను పైకెత్తి తోసుకుంటూ రావాల్సి వచ్చింది. మా బావమరిదికి అది నచ్చలేదు, తిరిగే కుర్చీ గురించి ఇంకా మాట్లాడుతున్నాడు.

అడుగు నీళ్లు తోడే పంపు పనిచేయడం లేదు, ట్రైలరు బేరింగులు తుప్పు పట్టాయి. అవి చూపించి బేరం 3,70,000కు తెగ్గొట్టాం. పంపుకు, బేరింగులకు, నాలుగు లైఫ్ జాకెట్లకు మరో 19,400 అయింది. ఉప్పునీళ్లలోంచి వచ్చిన ప్రతిసారీ ఇంజనులోకి మంచినీళ్లు పట్టించమని పెద్దాయన రెండుసార్లు ఒట్టు వేయించుకున్నాడు.

మొన్న ఏజెంటు మళ్లీ ఫొటో పంపాడు. అదే పడవ, అదే కుర్చీ, ఈసారి నీలం రంగు. 5,90,000.

పులికాట్ పక్షుల అభయారణ్యం కాబట్టి, సొంత పడవ దించేముందు అటవీశాఖ వారిని కలవడానికి సూళ్లూరుపేట మరోసారి వెళ్లాలి. రాత్రి ఎక్కడ ఉందామని మా ఆవిడను అడిగాను. "తలుపులు వేయని గుడి ఉండగా లాడ్జి ఎందుకండీ?" అంది.