పాత 407కి 90 ఆంప్స్ డైనమో: మూడో బత్తాయి సీజన్‌లో నా మాట

బత్తాయి తోలే నా పాత టాటా 407 మినీ లారీకి 35 ఆంప్స్ డైనమో (బ్యాటరీని ఛార్జ్ చేసే ఆల్టర్నేటర్) తీసి 90 ఆంప్స్‌ది వేయించాను. ఈ మార్పు మొత్తంలో నా మనసుకు పట్టింది ఒక్కటే, ఐడ్లింగ్‌లో, అంటే బండి ఆగి ఇంజన్ మాత్రం నడుస్తున్నప్పుడు, ఛార్జింగ్. హైదరాబాద్ శివారు బాటసింగారం పండ్ల మార్కెట్ దగ్గర రాత్రిపూట కాయ దించడానికి బండ్ల వరుసలో నిలబడ్డవాళ్లకు దీని విలువ వేరే చెప్పక్కర్లేదు. బండి కదిలేది పది అడుగులు, ఆగేది అరగంట. హెడ్‌లైట్లు, క్యాబిన్ ఫ్యాను, వానపడితే వైపర్లు అన్నీ నడుస్తూనే ఉండాలి. పాత 35 ఆంప్స్ డైనమో రోడ్డు మీద బాగానే పనిచేసేది. ఐడ్లింగ్‌లో మాత్రం ఆ లోడుకు చాలేది కాదు, మిగిలింది బ్యాటరీ నుంచి పోయేది. ఇంజన్ ఆపితే మళ్లీ సెల్ఫ్ ఎత్తుతుందో లేదోనని టెన్షన్, ఆపకపోతే డీజిల్ దండగ. నిండా కాయ ఉన్న బండిని ముక్కూమొహం తెలియని హమాలీలతో నెట్టించిన రాత్రులు ఉన్నాయి.

ఇప్పుడు ఆ బాధ లేదు. ఐడ్లింగ్‌లో అన్ని లైట్లూ వేసి బ్యాటరీ మీద మీటరు పెడితే 13.8 వోల్టులు చూపిస్తోంది. పాతదానితో అదే లోడు మీద 12.3 దాటేది కాదు. తెల్లవారుజామున కాయ దించి, ఇంజన్ ఆపి, టీ తాగొచ్చి తాళం తిప్పితే ఒక్క తిప్పుకే అందుకుంటుంది. అంతవరకు మాటలేదు, పెట్టిన ప్రతి రూపాయీ వచ్చేసినట్టే.

వేయించిన కొత్తలో కనిపించిన ప్రతి 407 వాళ్లకూ వేయించుకోమనే చెప్పాను. ఇప్పుడు అడిగినవాళ్లను ముందు నేనే ఒక మాట అడుగుతున్నాను: డైనమో వెనక వాక్యూమ్ పంపు ఉందా, దాన్ని తిప్పే బెల్టు, ఆ బెల్టు కూర్చునే గాడి చక్రం (పుల్లీ) ఎలా ఉన్నాయి?

ఎందుకో చెప్పాలంటే ఒక వానరాత్రి సంగతి చెప్పాలి. గుర్రంపోడు దగ్గర తోటలో కాయ కోత ఆలస్యమై, ఎక్కించేసరికి చీకటి పడింది. హమాలీలకు వెలుతురు కోసం ఇంజన్ ఆపి ఉన్న బండికే లైట్లు వేసి ఉంచాం. బ్యాటరీ బాగా దిగింది. బయల్దేరాక వాన మొదలైంది. నార్కట్‌పల్లి దగ్గర హైవే ఎక్కేదాకా ముందువైపు నుంచి సన్నగా కీచుమనే శబ్దం వస్తూనే ఉంది. తడి బెల్టు కదా, వేడెక్కితే పోతుందిలే అనుకున్నాను. చిట్యాల దాటాక డాష్‌బోర్డు మీద ఎర్ర బ్యాటరీ లైటు మసకగా వెలగడం, ఆరడం మొదలైంది.

చౌటుప్పల్ లోపలికి వచ్చేసరికి ట్రాఫిక్ ఆగి ఆగి కదులుతోంది. ఒకసారి బ్రేకు వేశాను, మామూలుగానే పట్టింది. రెండోసారి కొంచెం గట్టిగా ఉంది. మూడోసారి పెడల్ రాయిలా అయిపోయింది. ముందు ఒక ఆటో ఉంది. లేచి నిలబడినంత బలంతో తొక్కి, సెకండ్ గేర్‌కి దించి, హ్యాండ్‌బ్రేక్ లాగితే దానికి మూరెడు దూరంలో ఆగింది.

407లో ఇదే మెలిక. నడుస్తున్న ఇంజన్‌కు కరెంటుతో పనిలేదు, డీజిల్ పంపు పూర్తిగా మెకానికల్. డైనమో చచ్చిపోయినా పగటిపూట ఇల్లు చేరొచ్చు. కానీ బ్రేకు పెడల్‌ను తేలికచేసే బూస్టర్‌కు గాలి లాగే వాక్యూమ్ పంపు మన బండ్లలో డైనమో వెనకే, అదే షాఫ్టు మీద తిరుగుతుంది. డైనమో తిరగకపోతే నిల్వ ఉన్న వాక్యూమ్ ఒకటి రెండు తొక్కుళ్లకు వస్తుంది, అంతే. తర్వాత బ్రేకు ఉంటుంది కానీ కాలి బలమంతా పెట్టాలి. నాకు ఆ రాత్రి బెల్టు తెగలేదు, జారుతోంది. దిగిపోయిన బ్యాటరీకి, లైట్లకు, వైపర్లకు కలిపి డైనమో తన శక్తంతా ఇవ్వాల్సి వచ్చింది. ఎంత కరెంటు ఇస్తే దాన్ని తిప్పడం అంత బరువు. ఆ బరువుకు తడి బెల్టు పట్టు వదిలేసింది.

పక్కకు ఆపి, ఇంజన్ నడుస్తుండగానే అదనపు ఫాగ్‌లైట్లు, ఫ్యాను, పాటలు అన్నీ ఆపేశాను. హెడ్‌లైట్లు తీసి పార్కింగ్ మాత్రం ఉంచాను. కీచు తగ్గింది. కొంచెం రేస్ ఇచ్చి పెడల్ తొక్కితే మెత్తగా దిగింది! మళ్లీ అన్నీ వేశాను. కీచు వచ్చింది, నాలుగు తొక్కుళ్లకు పెడల్ బిగుసుకుంది. లైటు స్విచ్‌కీ బ్రేకుకీ సంబంధం ఉంటుందని ఇన్నేళ్ల డ్రైవింగ్‌లో నాకు ఎవరూ చెప్పలేదు. డిమ్ లైట్లతో, గేర్ల మీదే వేగం తగ్గించుకుంటూ బాటసింగారం చేరాను. దారిలో బ్యాటరీ నిండుతున్నకొద్దీ శబ్దం కూడా తగ్గుతూ వచ్చింది.

మర్నాడు నల్లగొండ వచ్చాక నాకు ఎప్పటినుంచో తెలిసిన ఎలక్ట్రీషియన్ భాయ్ బెల్టును బొటనవేలుతో నొక్కి చూశాడు. బిగువు సరిగ్గానే ఉంది. బెల్టు తీసి టార్చి వేసి పుల్లీ గాడి చూపించాడు. గాడి అడుగు తళతళా మెరుస్తోంది. "అన్నా, బెల్టు పక్కలకు పట్టాలె, అడుగుకు తాకొద్దు. అడుగు మెరిసిందంటే అది జారుతున్నట్టే" అన్నాడు. కొత్త డైనమోకు వేసి పంపిన పుల్లీ గాడి వెడల్పు ఎక్కువ. మా బెల్టు అందులో దిగబడి కూర్చుంది. ఎంత బిగించినా పక్కల పట్టు దొరకదు. డైనమో అమ్మిన షాపు దాని మీద 407 అని రాసి ఇచ్చింది. డైనమో 407కి సరిపోయేదే, పుల్లీ మాత్రం కాదు. నాకు ఆ షాపు మీద కోపం ఇంకా పోలేదు. బ్రేకులతో ముడిపడ్డ సామాను అమ్మేవాళ్లు బెల్టు పక్కన పెట్టి ఒక్కసారి చూసి ఇవ్వాలి కదా. పాత డైనమో పుల్లీ కొత్తదాని షాఫ్టుకు సరిపోలేదు. దాని గాడి కొలతతోనే లేత్ మీద కొత్తది తిప్పించాం. బెల్టు కూడా కొత్తది వేశాం. ఆ తర్వాత ఎంత వానలోనూ కీచు వినలేదు.

ఇంకో రెండు విషయాలు. డైనమో నుంచి బ్యాటరీకి వెళ్లే పాత సన్న వైరు ఉంచుకుంటే కొత్త డైనమో వేసినా సగం లాభమే. అది వేడెక్కి, దారిలోనే వోల్టేజీ పోతుంది. నేను 25 ఎస్‌క్యూ (చదరపు మిల్లీమీటర్ల) రాగి కేబుల్ వేయించి, ఇంజన్ నుంచి ఛాసిస్‌కు ఎర్త్ వైరు మార్పించాను. నిజం చెప్పాలంటే 13.8 అన్న ఆ లెక్కలో కేబుల్ వాటా ఎంతో, డైనమో వాటా ఎంతో విడదీసి చెప్పలేను. రెండోది, వాక్యూమ్ పంపుకు ఇంజన్ ఆయిల్ పైపు ఉంటుంది. సీలు అరిగితే ఆ ఆయిలు డైనమోలోకి దిగి కార్బన్ బ్రష్‌లను పాడుచేస్తుంది. ఈమధ్య నా డైనమో వెనక సన్నగా ఆయిల్ తడి కనిపిస్తోంది. ఇంకా ఛార్జింగ్ తగ్గలేదు గానీ, పాతదానికి ఇంత త్వరగా రాలేదు.

ఎల్‌ఈడీ బల్బులు వేస్తే లోడే తగ్గుతుంది కదా అంటారు. తగ్గుతుంది. వానలో, పొగమంచులో ఆ తెల్ల కాంతి నా కళ్లకు పడదు, అందుకే మార్చలేదు.

నాది రాత్రి బండి, వరుసలో గంటలు గంటలు నిలబడే బండి. కాబట్టి నాకు ఇది అవసరమే. పొద్దున్నే బయల్దేరి ఇటుకో ఇసుకో వేసి పొద్దుగూకేలోపు ఇంటికొచ్చే 407కి ఇంత ఖర్చు దేనికి? పాత డైనమోకు కొత్త బ్రష్‌లు, బేరింగులు, మంచి ఎర్త్ వైరు వేయించుకుంటే చాలని నా అభిప్రాయం. వేయించుకోవాలనే అనుకుంటే డబ్బు కట్టే ముందే మీ బెల్టు తీసుకెళ్లి కొత్త పుల్లీలో పెట్టి చూడండి. బెల్టు పైఅంచు గాడి అంచుకు సమానంగా రావాలి, లోపలికి దిగకూడదు. నేనైతే ఈ సీజన్ అయ్యాక పంపు సీల్ కిట్ మార్పిస్తాను. డైనమోను మాత్రం తీసే ఆలోచన లేదు.