6.6 కేవీ మోటార్లకు ఆర్‌సీ సర్జ్ సప్రెసర్: చాలా ఏళ్ల వాడకం తర్వాత

కడప జిల్లా ఎర్రగుంట్ల దగ్గర సిమెంటు ఫ్యాక్టరీలో ఎలక్ట్రికల్ మెయింటెనెన్స్ చూస్తాను. "అరెస్టర్ ఉంది కదా సార్, మళ్లీ ఈ డబ్బా ఎందుకు?" అని కొత్తగా చేరిన ప్రతి కుర్రాడూ అడిగేదే. డబ్బా అంటే ఈ సప్రెసర్: రెసిస్టర్ (ఆర్), కెపాసిటర్ (సీ) కలిపి, ఉన్నట్టుండి ఎగిసే వోల్టేజీ (సర్జ్) నుంచి మోటారును కాపాడేది. అరెస్టరేమో హద్దు మీరిన వోల్టేజీని ఎర్త్‌కు మళ్లించేది.

మోటారును ఆపే స్విచ్చు వాక్యూమ్ బ్రేకర్. అది కరెంటు సున్నాకు చేరేదాకా ఆగదు, ఇంకా కొన్ని ఆంపియర్లు ఉండగానే తెంపేస్తుంది. వైండింగ్‌లో మిగిలిన శక్తి వోల్టేజీగా ఎగదన్నుతుంది. కాంటాక్టుల మధ్య ఎడం చాలకపోతే ఆర్క్ ఆరుతూ రగులుతూ ఉంటుంది. స్టార్టవుతున్న మోటారును మధ్యలో ట్రిప్ చేస్తే మరీ ఘోరం. అరెస్టర్ సర్జ్ ఎత్తును కోస్తుందే గానీ, అది ఎక్కే వేగాన్ని తగ్గించదు. ఆ వేగం దెబ్బ వైండింగ్ మొదటి చుట్ల మీద పడుతుంది. వేగాన్ని తగ్గించేది కెపాసిటర్, ఊగిసలాటను మింగేది దాంతో సిరీస్‌లో ఉండే రెసిస్టర్.

ఇవి పెట్టాక మొదటి చుట్లు కాలి రివైండింగ్‌కు వెళ్లిన మోటారు మా దగ్గర లేదు. అంతా వీటి పుణ్యమే అనలేను, ఆ మధ్యే, తేడా వస్తే మోటారును ఆపించే రిలేల సెట్టింగులు కూడా మార్చాం.

బిగింపులోనే అసలు తేడా వస్తుంది. మోటారు టెర్మినళ్ల దగ్గరైతే మేలు. మా టెర్మినల్ బాక్సుల్లో చోటు లేక ప్యానెల్ కేబుల్ చాంబర్‌లో పెట్టాం. బిగించడానికొచ్చిన ఫిట్టర్ మిగిలిన ఎర్త్ వైరును ముచ్చటగా చుట్టచుట్టి, టై వేసి వెళ్లాడు. వేగంగా వచ్చే సర్జ్‌కు ఆ చుట్టే అడ్డం. కోసి, పొట్టిగా, నేరుగా కలిపించాం.

చిరాకులూ ఉన్నాయి. ఫేజుకు 0.1 మైక్రోఫారడ్ అంటే మామూలుగానే సుమారు 0.12 ఆంపియర్లు ఎర్త్‌కు పోతాయి. మూడు ఫేజులూ సమంగా ఉన్నంతకాలం రిలేకు తెలియదు. పక్క ఫీడర్‌లో ఎర్త్ ఫాల్ట్ వస్తే మాత్రం, సున్నితంగా సెట్ చేసిన సీబీసీటీ (మూడు ఫేజుల కరెంట్ల మొత్తాన్ని చూసే ట్రాన్స్‌ఫార్మర్) రిలే ఏ పాపం ఎరగని మోటారును ఆపేయొచ్చు. సెట్టింగ్ వేసేటప్పుడే ఈ లెక్క చూసుకోవాలి.

మోటారు వేగం మార్చే డ్రైవులున్న బస్ (కరెంటు పంచే కడ్డీలు) మీద హార్మోనిక్స్‌కు, అంటే మామూలు కరెంటుతో కలిసొచ్చే ఎక్కువ ఫ్రీక్వెన్సీ కరెంట్లకు, రెసిస్టర్ వేడెక్కుతుంది. మాది ఒకటి కాలిన రొట్టె రంగుకు తిరిగింది. అక్కడికి మామూలు మోడల్ కొనొద్దు, హార్మోనిక్ రేటింగ్ అడిగి తీసుకోండి.

కెపాసిటర్ చచ్చినా మోటారు హాయిగా తిరుగుతూనే ఉంటుంది. అందుకే ఏడాది షట్‌డౌన్‌లో మిగిలిన చార్జిని ఎర్త్‌కు దింపే డిశ్చార్జ్ రాడ్ తగిలించాక మూడు ఫేజుల కెపాసిటెన్స్ కొలిచి పోలుస్తాం. మోటారుకు మెగ్గర్ (ఇన్సులేషన్ కొలిచే మీటరు) వేసే ముందు సప్రెసర్ విప్పడం మరవొద్దు, రీడింగ్ పడిపోయి ఊరికే టెన్షన్.