చనిపోయినవారి పేరిట వచ్చిన చెక్కును మధ్యవర్తుల చేతికి ఇవ్వకండి

మా నాన్నగారు కాలం చేసిన ఐదు వారాలకు ఆయన పేరిట ఒక చెక్కు కొరియర్‌లో వచ్చింది. ఒక నిర్మాణ సంస్థ దగ్గర ఫ్లాటు బుక్ చేసుకుని, ఆరోగ్యం చెడిన తరువాత ఆయన రద్దు చేసుకున్నందుకు తిరిగి వచ్చిన అడ్వాన్సు అది, 2,40,000 రూపాయలు. ఎడమ మూలన రెండు అడ్డగీతలు, వాటి మధ్య ‘అకౌంట్ పేయీ’ (పేరున్న వ్యక్తి ఖాతాలోనే జమ కావాలి) అన్న ముద్ర, కింద నాన్నగారి పూర్తి పేరు. ఫ్లాట్లు కొని, రద్దు చేసుకుని, రిఫండు కోసం ఎదురు చూసే కుటుంబాలు హైదరాబాద్‌లో చాలా ఉన్నాయి కనుక, మేము చేసిన పొరపాటు ఇంకెవరూ చేయకూడదని ఇది రాస్తున్నాను.

చెక్కుకు మూడు నెలలే గడువు. 2012 ఏప్రిల్ 1 నుంచి రిజర్వు బ్యాంకు పెట్టిన నిబంధన ఇది. ఆ గడువు భయమే మమ్మల్ని అంబర్‌పేటలో ‘బ్యాంకు క్లెయిములు, వారసత్వ పనులు’ అని బోర్డు పెట్టుకున్న ఒక కన్సల్టెంటు దగ్గరికి నడిపించింది. కోర్టుతో పనిలేకుండా పదిహేను రోజుల్లో డబ్బు ఇప్పిస్తానని చెప్పి, ఆయన 15,000 రూపాయలు ముందుగానే తీసుకున్నారు. అసలు చెక్కు, నాన్నగారి పాస్‌బుక్కు, ఏటీఎం కార్డు కూడా తన దగ్గరే పెట్టుకున్నారు. రసీదు అడిగితే వాట్సాప్‌లో ఒక్క వాక్యం పంపారు.

మూడు వారాల తరువాత అమ్మను తీసుకుని వెళ్లాను. ఆయన బల్ల మీద ఒక తెల్ల కాగితం, దాని నిండా నాన్నగారి సంతకం ఏడెనిమిది సార్లు రాసి ఉంది. అమ్మ కళ్లజోడు సవరించుకుని కాసేపు చూసి, “ఇది మీ నాయన రాసింది కాదు బిడ్డా, ఆయన చివర్న గీత కిందికి లాగడు” అంది. మరణం సంగతి బ్యాంకుకు ఇంకా తెలియదు కనుక చెక్కును నాన్నగారి ఖాతాలోనే వేసి, ఆ సంతకంతో కొంత, కార్డుతో కొంత తీసేయడమే ఆ కన్సల్టెంటు చెప్పిన ‘దగ్గరి దారి’. అది ఫోర్జరీ. రేపు వారసుల్లో ఒక్కరు ఫిర్యాదు చేసినా ఇరుక్కునేది డబ్బు తీసుకున్న కుటుంబమే. పోలీసులకు చెబుతామని గట్టిగా అడిగిన తరువాత చెక్కు, పాస్‌బుక్కు, కార్డు తిరిగి ఇచ్చారు, డబ్బు మాత్రం ఇవ్వలేదు. అప్పటికి చెక్కు గడువు తొమ్మిది రోజులే మిగిలింది.

అసలు దారి ఏమిటో బ్యాంకు మేనేజరు పది నిమిషాల్లో చెప్పారు. చనిపోయిన ఖాతాదారు పేరిట వచ్చే సొమ్మును, నామినీ లేదా ఉమ్మడి ఖాతాదారు సమ్మతితో, ‘ఖాతాదారు మరణించారు’ అని రాసి పంపినవారికే తిప్పి పంపే వీలు రిజర్వు బ్యాంకు 2005లో ఇచ్చిన సూచనల్లోనే ఉంది. ఆ తరువాత సరైన వ్యక్తి పేరిట మళ్లీ చెల్లించమని కుటుంబం ఆ పంపినవారినే అడగాలి. గడువు దాటినంత మాత్రాన రావలసిన సొమ్ము పోదు, చెక్కు ఇచ్చిన సంస్థ కొత్తది రాసి ఇవ్వవచ్చు. ఈ ఒక్క మాట ముందే తెలిసి ఉంటే మేము ఆ బోర్డు వైపు చూసేవాళ్లమే కాదు.

అందుచేత అసలు చెక్కును జతచేసి నిర్మాణ సంస్థకే లేఖ ఇచ్చి, చెక్కు జిరాక్సు మీద ‘అందినది’ అని ముద్ర వేయించుకున్నాము. వారు అడిగినవి మరణ ధ్రువీకరణ పత్రం, మీసేవలో దరఖాస్తు చేస్తే తహసీల్దారు కార్యాలయం నుంచి వచ్చే కుటుంబ సభ్యుల ధ్రువీకరణ పత్రం, అమ్మ పేరిట ఇవ్వడానికి అభ్యంతరం లేదని నేనూ చెల్లెలూ రాసిన అఫిడవిట్లు, స్టాంపు పేపరు మీద ఇండెమ్నిటీ బాండు, అంటే రేపు ఇంకెవరైనా ఆ సొమ్ము తమదంటే నష్టం మేమే భరిస్తామన్న హామీ పత్రం. ఏ పత్రాలు కావాలో సంస్థ చేత ముందే రాతపూర్వకంగా చెప్పించుకోండి, ఎందుకంటే వారసుల మధ్య పేచీ ఉన్నా, సంస్థ పట్టుబట్టినా, సివిల్ కోర్టు నుంచి సక్సెషన్ సర్టిఫికెట్ (వారసత్వ ధ్రువపత్రం) తేవలసి రావచ్చు, దానికి నెలలు పడుతుంది. నామినీగా పేరు ఉన్నంత మాత్రాన ఆ సొమ్ము ఆ ఒక్కరిదే అయిపోదని, మిగతా వారసుల హక్కు అలాగే ఉంటుందని కూడా గుర్తుంచుకోండి.

నలభై రోజులకు అమ్మ పేరిట కొత్త చెక్కు వచ్చింది. 15,000 రూపాయల కోసం, ఆ తెల్ల కాగితాన్ని తీసిన ఫొటో జతచేసి పోలీసులకు ఫిర్యాదు ఇచ్చాము. అంబర్‌పేటలో ఆ బోర్డు ఇప్పటికీ అలాగే ఉంది.